పురుగో, బెరడో

జూన్ 8

ఒరేయ్ చంటీ,

క్షేమంగా చేరాను. హాస్టల్ గది నువ్వనుకున్నంత అధ్వాన్నంగా లేదు, నేననుకున్నంత బాగానూ లేదు. ఒక మంచం, ఒక బల్ల, తలుపు వేస్తే తెరుచుకునే కిటికీ, కిటికీ వేస్తే తెరుచుకునే తలుపు. ఆస్పత్రి కొత్త ల్యాబ్‌లో గోడల సున్నం ఇంకా ఆరలేదు. మైక్రోస్కోపులు పెట్టెల్లోనే ఉన్నాయి. "మేడమ్ వచ్చేశారు, ఇంక అన్నీ సర్దుకుంటాయి" అని ఇక్కడి పెద్ద డాక్టరు కనిపించిన వాళ్ళందరికీ చెప్తున్నాడు. వాటంతటవి సర్దుకోవని, సర్దేది మేడమేనని ఆయనకి తట్టినట్టు లేదు.

ఈ రోజుల్లో ఉత్తరాలేంటక్కా, ఫోన్ చెయ్యొచ్చుగా అని స్టేషన్లో అడిగావు. జనంలో చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఫోన్లో నువ్వేం చెప్తున్నావో నేను వినను. నాలుక మడత పడుతోందా లేదా అని వింటాను. అది నీకూ బాగుండదు, నాకూ బాగుండదు. ఉత్తరమైతే చేతిరాత కనిపిస్తుంది. గడియారాలు బాగుచేసేవాడి చెయ్యి, తాగితే వణుకుతుంది, తాగకపోతే అచ్చేసినట్టు ఉంటుంది. అబద్ధమాడటం దానికి రాదు.

ఇంకో సంగతి కూడా కాగితం మీద పెట్టేస్తున్నాను. నేను తిరిగొచ్చేలోగా మీ ఆవిడకి ఒక ఉత్తరం రాస్తానని మాటిచ్చాను. "వాడు మానేశాడు, ఇంటికి రానివ్వు" అని నేను రాస్తే రానిస్తానంది. రాయకపోతే లేదు. నీ మాట మీద దానికి నమ్మకం పోయింది. నా మాట మీద ఇంకా ఉంది, దాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. అంచేత నువ్వెలా ఉంటే అలాగే రాస్తాను, ఒక్క అక్షరం అటూ ఇటూ కాదు.

ముసలాయన జాగ్రత్త. మీ బావ ఆ జువ్విచెట్టుని చిన్న కొమ్మగా తెచ్చి, బోన్సాయ్ పళ్ళెంలో పెట్టి, తీగలు చుట్టి, ఒంచి, ఊడలు దింపి, ముసలాయన అని పేరు కూడా పెట్టాడు. తను మాత్రం ముసలాయన కాకుండానే వెళ్ళిపోయాడు. నా ఇంట్లో ఆయన చేతిపని అదొక్కటే మిగిలింది. నీళ్ళు అలవాటుగా పొయ్యకు. మట్టిలో వేలు పెట్టి చూడు, పొడిగా తగిలితేనే పొయ్యాలి. కిటికీ దగ్గర్నుంచి కదపకు.

వేళకి తిను.

మీ అక్క

జూన్ 17

అక్కా,

నా చేతిరాతని పోలీసు కుక్కలా వాడుతున్నావని తెలిశాక ప్రతి అక్షరం భయంభయంగా రాస్తున్నాను. ఈ "క్ష" చూడు, ఎంత బుద్ధిగా కూర్చుందో.

షాపులో పని బాగానే ఉంది. నువ్వు చెప్పి ఇప్పించిన ఉద్యోగం కాబట్టి ఓనరుగారు నన్ను గాజుసామానులా చూస్తున్నారు, ఎక్కడ పగులుతానో అని. మొన్న ఒక పెద్దమనిషి గోడగడియారం తెచ్చాడు. గోడకి తగిలిస్తే ఆగిపోతుందట, బల్లమీద బోర్లా పడుకోబెడితే నడుస్తుందట. "మా ఇంటి అల్లుడు కూడా ఇంతేనండీ" అన్నాడు. గడియారాన్ని మాత్రం నిలబెట్టి నడిపించాను. అల్లుడి బాధ్యత నాది కాదన్నాను.

ముసలాయన కులాసా. నీళ్ళు నువ్వు చెప్పినట్టే పోస్తున్నాను. ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. పైవాటా పిన్నిగారు చూసి, "మీ అక్కయ్య ఉన్నప్పుడు కూడా ఇంత మెరుపు లేదయ్యా" అని మెచ్చుకుంది. ఈ మాట నీకు రాయొద్దని కూడా అంది, రాసేశాను.

ఒక్కటే చిరాకు. కిటికీ దగ్గరున్న బల్ల జిగురు జిగురుగా ఉంటోంది. పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడుస్తాను, మర్నాటికి మళ్ళీ అంతే. చెయ్యి పెడితే అంటుకుంటోంది. చీమలు కూడా బారులు తీరుతున్నాయి. తుడిచే గుడ్డదే లోపమేమో, మార్చి చూస్తాను.

మీ మరదలి నుంచి నీకేమైనా ఉత్తరం వచ్చిందా? ఊరికే అడుగుతున్నాను.

నీ తమ్ముడు

జూన్ 24

చంటీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాత బాగానే ఉంది. అందులో ఉన్న సంగతి బాగాలేదు.

బల్ల ఎందుకు జిగురుగా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో భోజనాల బల్ల కూడా అలాగే ఉండేది. పొద్దున లేచేసరికి గ్లాసు అడుగు పడినచోటల్లా గుండ్రంగా మరక, మరక చుట్టూ చీమలు. మీ ఆవిడ నోరెత్తకుండా తుడుచుకునేది. నేను వచ్చిన రోజుల్లో నేనూ తుడిచాను. ఆ జిగురు ఈ చేతులకి బాగా గుర్తుంది.

నేనేమీ అనడంలేదు. గుడ్డ మారిస్తే పోదు అని మాత్రం చెప్తున్నాను.

మీ ఆవిడ దగ్గర్నుంచి రెండు ముక్కలు వచ్చాయి. "ఎలా ఉన్నారు వదినా, ఆరోగ్యం ఎలా ఉంది" అని రాసింది. అడిగింది నీ గురించే, నా పేరు పెట్టి. ఇంకా జవాబు రాయలేదు. ఏం రాయమంటావో నువ్వే చెప్పు.

ల్యాబ్‌కి ఫ్రిజ్ వచ్చింది, ప్లగ్ పెట్టడానికి గోడలో చోటు లేదు.

అక్క

జూలై 1

అక్కా,

నీ ఉత్తరం చదివాను. కోపం వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలీక ఆ బల్ల మీదే కోప్పడ్డాను. గట్టిగా తుడిచి, ఒక తెల్లకాగితం పరిచి, దాని మీద ఏదీ పెట్టకుండా షాపుకి వెళ్ళాను. టీ గ్లాసు కూడా పెట్టలేదు. సాయంత్రం వచ్చి చూస్తే కాగితం నిండా సన్నటి తుంపర పడినట్టు మెరిసే చుక్కలు. అన్నీ ముసలాయన కొమ్మల కిందే. పక్కకి ఒక్కటీ లేదు.

అప్పుడు షాపు నుంచి నా కంటి భూతద్దం తెచ్చుకుని చెట్టు ముందు కూర్చున్నాను. పాపం పిన్నిగారు మెచ్చుకున్న మెరుపంతా జిగురే అక్కా. ఆకు వెనక్కి తిప్పి చూస్తే, నడిమి ఈనె పొడుగునా గోధుమరంగు బుడిపెలు. మినపబద్దలో సగం కూడా ఉండవు. లేత కొమ్మల మీద కూడా ఉన్నాయి. నేను రోజూ చూస్తూనే ఉన్నాను వాటిని, చెట్టు ముసలిదైంది కదా, బెరడు అలాగే ఉంటుందిలే అనుకున్నాను. కాళ్ళు లేవు, కళ్ళు లేవు, కదలవు. చీమలు మాత్రం ఒక్కోదాని దగ్గరా ఆగి ఆగి వెళ్తున్నాయి, గుమ్మం గుమ్మానికీ పాలవాడు ఆగినట్టు. కింది ఆకుల మీద మసి రాసినట్టు నల్లటి పొర కూడా కనిపిస్తోంది.

బల్ల మీద జిగురు ముసలాయన కార్చింది. నేను ఒలకబోసింది కాదు. మీ మరదలికి ఏం రాయాలో అడిగావుగా, ఇదే రాయి.

ఇదేం జబ్బో, ఏం చెయ్యాలో చెప్పు. నీ ల్యాబ్‌లో దీనికి పేరుంటుంది కదా.

నీ తమ్ముడు

జూలై 8

ఒరేయ్ చంటీ,

పొరపాటు పడ్డాను. సరే, అది అయిపోయింది. ఇప్పుడు పని సంగతి.

అది జబ్బు కాదు, పురుగు. పొలుసు పురుగు అంటారు. నెత్తిమీద చిప్ప కప్పుకుని, మూతి కొమ్మలోకి దించి, రసం పీలుస్తూ ఉన్నచోటే ఉండిపోతుంది. తాగింది తాగినట్టు అరగక జిగురుగా కారుస్తుంది. (నవ్వకు. నేనేం పోలిక పెట్టడంలేదు.) ఆ జిగురు మీదే మసి బూజు పెరుగుతుంది. తెల్లగా దూదిపింజల్లా ఉంటే పిండినల్లి అనేదాన్ని. ఆకుమీద దుమ్ము చల్లినట్టు ఉండి సన్నటి గూడు అల్లితే ఎర్రనల్లి అనేదాన్ని. నువ్వు చెప్పేది ఆ రెండూ కాదు.

అయినా ప్రతి బుడిపె మీదా కత్తి దూయకు. ఆ చెట్టుకి నిజం బుడిపెలు కూడా ఉన్నాయి, మీ బావ కొమ్మలు కోసినచోటల్లా గాయం మాని బెరడు కాయ కట్టింది. గోటితో గీకి చూడు. ఊడితే పురుగు, ఊడకపోతే బెరడు.

ముందు పక్కనున్న మనీప్లాంటు కుండీని ఇంకో గదిలో పెట్టు, దానికీ పాకుతుంది. ముసలాయన పళ్ళెం మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి, మట్టిలోకి సబ్బు దిగకుండా ఆకులన్నీ సబ్బునీళ్ళతో కడుగు. తర్వాత స్పిరిట్‌లో దూది ముంచి, పిండి, ఒక్కో బుడిపె మీదా అద్ది తుడిచెయ్యి. ముందు ఒక ఆకు మీద అద్ది చూడు, అది వాడిపోకపోతేనే మిగతావాటికి. చిప్ప గట్టిది కాబట్టి సబ్బుకీ నూనెకీ లొంగదు, స్పిరిట్ అయితే చిప్పలోంచి దిగుతుంది. నా సీసా స్నానాలగది పక్క అలమరలో పైఅరలో ఉంది, తువ్వాళ్ళ వెనకాల. ఒకసారి చేసి చేతులు దులుపుకోకు. తల్లి చిప్ప కింద గుడ్లుంటాయి, పిల్లలు వస్తూనే ఉంటాయి. వారం వారం చెయ్యాలి.

ఇక్కడ మేము రోజుకి అరసీసా స్పిరిట్ వాడతాం, సూది వేసేచోట తుడవడానికి. సున్నం వాసన పోయి ఇప్పుడిప్పుడే ల్యాబ్ వాసన వస్తోంది. ప్రాణం లేచొచ్చింది.

మీ ఆవిడకి "వాడు చెట్టుకి వైద్యం చేస్తున్నాడు" అని రాశాను.

మీ అక్క

జూలై 14

అక్కా,

ముసలాయనకి స్నానం చేయించాను. పళ్ళేనికి ప్లాస్టిక్ కట్టి, బోర్లించి పట్టుకుని, పంపు కింద. తలంటు అయ్యాక మసి చాలావరకు పోయింది. మనీప్లాంటుని వంటింట్లోకి పంపించాను.

పురుగుల్ని నా చిన్న పట్టకారుతో ఏరుతున్నాను. కంటికి భూతద్దం పెట్టుకుని, వాచీ ముల్లు తీసినట్టే ఒక్కోదాన్నీ అంచు పట్టుకుని లేపుతాను. బెరడు మీద గీత పడకూడదు కదా. రోజూ సాయంత్రం సబ్బునీళ్ళలో వేపనూనె కలిపి మందు కొడుతున్నాను. వెలుతురు ఉండగానే కొడితే ఆకు వెనక కూడా కనిపిస్తుందని షాపు నుంచి పెందలాడే వచ్చేస్తున్నాను, ఓనరుగారిని అడిగే.

స్పిరిట్ సంగతి తర్వాత చూద్దాంలే. ముందు ఇలా కానీ.

రాత వంకరగా ఉంటే కంగారుపడకు. పట్టకారు పట్టుకుని పట్టుకుని వేళ్ళు కొంకర్లు పోయాయి. నిజంగా అంతే.

నీ తమ్ముడు

జూలై 22

చంటీ,

స్పిరిట్ వాడమని అంత విడమర్చి రాస్తే, తర్వాత చూద్దాం అంటావు. ఏం చూద్దాం? నీళ్ళు నమలడం నీకు ఎప్పుడు వస్తుందో నాకు బాగా తెలుసు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మీ ఓనరుగారు హాస్టల్‌కి ఫోన్ చేశారు. "అమ్మా, మీరు చెప్పారని పెట్టుకున్నాను. రోజూ సాయంత్రం అయ్యేసరికి, మందు కొట్టాలండీ, వెళ్ళాలి అని లేచిపోతున్నాడు. మొహమాటం కూడా లేకుండా చెప్తున్నాడు" అన్నారు. నేను ఏదో సర్దిచెప్పాను. వేపనూనె సంగతి నువ్వు రాసింది నాకు గుర్తుంది. కానీ నీ ఉత్తరం తీసి ఆయన మాట పక్కన పెట్టి చూస్తే, ఆ అక్షరాలు. నువ్వు వణుకుతూ రాసిన ఉత్తరాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. అచ్చం ఇలాగే ఉంటాయి.

సరే, అనుమానం వద్దు, తేల్చుకుందామని పైవాటా పిన్నిగారికి ఫోన్ చేశాను. ఆవిడ దగ్గర తాళంచెవి ఉంది కదా, నువ్వు షాపులో ఉండగా వెళ్ళి చూడమన్నాను. అలమరలో సీసా లేదట. బాల్కనీలో పాత పేపర్ల పక్కన ఖాళీగా ఉందట.

అది నిండు సీసా. నేను వచ్చేముందు తెచ్చి పెట్టాను. తుడవడానికి ఒక్క చుక్క వాడలేదని నీ ఉత్తరమే చెప్తోంది. మరి ఏమైంది?

చంటీ, అది తాగేది కాదు. కళ్ళు పోతాయి. ప్రాణం పోతుంది. అలా వచ్చిన వాళ్ళ రక్తం నేను పరీక్ష చేశాను, అందుకే చెప్తున్నాను. ఇంక కోపం కూడా రావడంలేదు, భయంగా ఉంది.

మీ ఆవిడకి రాశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తానని నీతో ముందే చెప్పాను. "నా స్పిరిట్ సీసా ఖాళీగా ఉంది. ఎలా ఖాళీ అయిందో నాకు తెలీదు" అని అంతే రాశాను.

అక్క

జూలై 28

అక్కా,

మందు కొట్టాను. చెట్టుకి కొట్టాను. ఓనరుగారితో ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం అదోలా ఎందుకు పెట్టారో నాకు ఇప్పుడు అర్థమైంది. పొలం ఉన్నవాడు ఆ మాట అంటే ఎవరూ ఏమీ అనుకోరు. నేనంటే మాత్రం ఆ మాటకి ఒకటే అర్థం. ఈ రోజు పొద్దున ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి వేపనూనె డబ్బా చూపించాను. ముక్కు మూసుకుని, "ఇది ఎవడూ తాగడులే" అని వెళ్ళిపోయారు.

ఇక సీసా. నువ్వు రైలెక్కిన రోజు సాయంత్రం తువ్వాలు కోసం అలమర తెరిచాను. తువ్వాలు లాగితే వెనక నుంచి ఆ వాసన వచ్చింది. మూత సరిగ్గా బిగించినట్టు లేదు. అది తాగేది కాదని నాకూ తెలుసు అక్కా. కానీ ఆ వాసనకి తెలీదు. అలమర ముందు నిలబడిపోయాను. తర్వాత సీసా పట్టుకెళ్ళి సింకులో పోసి, పంపు తిప్పి, వాసన పోయేదాకా అక్కడే ఉన్నాను. సీసా పారెయ్యలేదు, నీ వస్తువు కదా అని కడిగి బాల్కనీలో పెట్టాను. అదే నా కొంప ముంచింది.

నువ్వు స్పిరిట్‌లో దూది ముంచు అని రాసినప్పుడు ఏం చెప్పాలో తెలీలేదు. పారబోశానని చెప్తే, ఎందుకు పారబోశావు, అంత బలహీనంగా ఉన్నావా అంటావేమో, అది కూడా మీ మరదలికి రాస్తావేమో అని భయం. కొత్తది కొందామంటే ఈ వీధిలో ఉన్నది ఒక్కటే మెడికల్ షాపు. కౌంటర్ వెనకాల నిలబడేది ఎవరో నీకు తెలుసు. మా ఆవిడ ముందు నిలబడి, ఒక సీసా స్పిరిట్ ఇవ్వండి అని నేను అడగాలా? అందుకే పట్టకారు పట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు నిజంగానే పట్టేశాయి. ఇప్పుడు ఈ రాత చూడు, తేరుకున్నాయి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పట్టకారు సరిపోవడంలేదు. పెద్ద పురుగుల్ని ఏరేశాను. కొమ్మ, కొమ్మ కలిసే సందుల్లో ఊడల వెనక కొత్తవి వస్తున్నాయి. పిల్ల పురుగులు మాత్రం నడుస్తాయి, భూతద్దంలో చూశాను, పసుపు నలకల్లా. పట్టకారుకి అందవు. ఆకులు రాలుతున్నాయి. ఎడమ కొమ్మ దాదాపు బోడిగా అయింది. ముసలాయన దక్కకపోవచ్చు.

బావ చెట్టు నాకు అప్పజెప్పి వెళ్ళావు. స్పిరిట్ కొనమంటే కొంటాను, ఇంట్లో పెట్టుకుంటాను. కానీ ఈసారి ఆలోచించి చెప్పు.

నీ తమ్ముడు

ఆగస్టు 3

చంటీ,

కొనకు.

చెట్టు పోతే పోనీ. మీ బావ ఉండి ఉంటే ఆయనే పీకి అవతల పారేసేవాడు, వాడికంటే ఇది ఎక్కువా అని. ఆ సీసా మాత్రం నువ్వు ఒక్కడివీ ఉండే ఇంట్లోకి రాకూడదు.

నాకు స్పిరిట్ అంటే దూది, సూది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆ వాసనలోనే ఉంటాను, ఇంటికొచ్చాక నా చీరకి కూడా అదే వాసన. నీకు అది ఇంకోలా తగులుతుందని నాకు తట్టనే లేదు. నిన్ను నా ఇంట్లో పెట్టి, తువ్వాళ్ళ వెనకాల నిండు సీసా పెట్టి వచ్చాను. పైగా నిన్నే నిలదీశాను. నువ్వు దాన్ని సింకులో పోశావు. నాకు ఏడుపు ఆగలేదురా. పక్కగదిలో నర్సు వచ్చి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగింది. లేదు, బాగుందనే ఏడుస్తున్నాను అంటే వింతగా చూసి వెళ్ళిపోయింది.

మీ ఆవిడకి వెంటనే రెండో ఉత్తరం రాశాను, జరిగిందంతా. మొదటిది చేరకముందే ఇది చేరితే బాగుండును. అలా ఎందుకు చేరుతుంది.

మీ అక్క

ఆగస్టు 12

అక్కా,

చేరలేదు. నీ మొదటి ఉత్తరం పోస్టులో ఎక్కడో ఆగి ఆగి, అయినా రెండోదానికంటే ముందే వచ్చింది, దాని వెనకే ఆవిడ వచ్చింది.

ఆదివారం పొద్దున బెల్ మోగితే పిన్నిగారనుకుని కంటికి భూతద్దంతోనే తలుపు తీశాను. ఎదురుగా ఆవిడ. ఒక్క అడుగు వెనక్కి వేసింది. "ఏమైంది ఆ కంటికి?" అంది. స్పిరిట్ తాగితే కళ్ళు పోతాయని మందులషాపులో ఉండే తనకీ తెలుసు కదా, అదే అనుకుందట. భూతద్దం తీసి చూపించాను. ఊపిరి పీల్చుకుంది. పీలుస్తూనే వాసన కూడా చూసిందని నాకు తెలుసు. ఇల్లంతా వేపనూనె కంపు.

"సీసా ఏది?"

తెచ్చి ఇచ్చాను.

"ఏం చేశావు?"

"సింకులో పోశాను."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. ఒక్కణ్ణే ఉన్నాను."

అది సాక్ష్యం కాదని నాకూ తెలుసు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి బల్ల మీద వేలితో రాసి చూసింది. తర్వాత ముసలాయన ముందు నా స్టూలు మీద కూర్చుని, చెయ్యి చాపింది. భూతద్దం ఇచ్చాను. నేను ఏరినచోట్లన్నీ చూసింది. ఎంతసేపు చూసిందో. చివరికి, "ఎక్కడా బెరడు లేవలేదే" అంది. "లేవకుండానే తీశాను" అన్నాను. నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు చాపమంది. చాపాను. నిలబడ్డాయి అక్కా. మొత్తం ఐదూ నిలబడ్డాయి. చెయ్యి వదిలేసి, "వస్తాను" అని వెళ్ళిపోయింది. అంతే.

సాయంత్రం మళ్ళీ వచ్చింది. చేతిసంచీలోంచి చిన్న స్పిరిట్ సీసా, దూది తీసింది. "నువ్వు సీసా ముట్టుకోవద్దు. దూది నేను ముంచి ఇస్తాను, తుడిచేది నువ్వు" అంది. మూత ఆవిడే తీసింది. ఆ వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాను, దాచినా దాగలేదు. ఆవిడ చూసింది. లేచి కిటికీ బార్లా తెరిచి వచ్చి కూర్చుంది. తర్వాత ఆవిడ ముంచడం, పిండడం, ఇవ్వడం, నేను అద్దడం, తుడవడం. మధ్యలో ఒకసారి "ఇటు, ఊడ వెనకాల" అంది. అయిపోయాక మూత బిగించి, సీసా సంచీలో వేసుకుని తీసుకెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గర మాత్రం, "మళ్ళీ ఎప్పుడు చెయ్యాలి?" అని అడిగింది. వారం వారం చెయ్యాలని అక్క చెప్పింది అన్నాను.

నీ తమ్ముడు

ఆగస్టు 20

ఒరేయ్ చంటీ,

నీ ఉత్తరం ల్యాబ్‌లో చదివాను. చేతిలో గాజుపలక ఉంది, కింద పడి పగిలింది. పోతే పోయింది.

నా రెండో ఉత్తరానికి మీ ఆవిడ జవాబు రాసింది. మొత్తం ఇంతే: "వదినా, ఆయన గురించి మీరు ఇంక నాకు రాయక్కర్లేదు. నేనే చూసుకుంటాను." పొద్దున్నుంచీ అటు తిప్పి ఇటు తిప్పి చదువుతున్నాను. కోపమా, మంచిదా? "చూసుకుంటాను" అంటే కనిపెట్టి చూస్తాననా, బాగా చూసుకుంటాననా? ఇంతకాలం నా మాట కోసం అది ఎదురుచూసింది, ఇప్పుడు దాని మాట అర్థం కాక నేను చస్తున్నాను. నువ్వేమైనా అడిగి తెలుసుకోగలవా? వద్దులే, అడక్కు.

వైద్యం ఆపకండి. కనపడకపోయినా గుడ్లుంటాయి. కొత్త ఆకు వచ్చి, అది కూడా జిగురు లేకుండా ఉంటేనే నయమైనట్టు. చీమలు రావడం మానేశాయేమో కూడా చూడు. అవి మనకంటే ముందు పసిగడతాయి.

ఫ్రిజ్‌కి చివరికి ప్లగ్ పెట్టారు. దీపం వెలగడంలేదు.

మీ అక్క

సెప్టెంబర్ 15

అక్కా,

శుభవార్త. ముసలాయన బతికాడు. బోడి కొమ్మకి మొన్న చిగురు వచ్చింది, ఎర్రగా, గుండుసూది తలంత. ఇప్పుడు ఆకు విచ్చుకుంది. ముట్టుకుంటే జిగురు లేదు. తెల్లకాగితం మళ్ళీ పరిచి చూశాను, ఒక్క చుక్క పడలేదు. చీమలు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాయి. మనీప్లాంటుని వంటింట్లోంచి తీసుకొచ్చి మళ్ళీ పక్కన పెట్టాను.

నీ మరదలు ఒక్క ఆదివారం కూడా మానలేదు. మొదట్లో పని అవ్వగానే వెళ్ళిపోయేది. తర్వాత టీ తాగి వెళ్ళడం మొదలుపెట్టింది. క్రితం ఆదివారం తన మందులషాపులో ఎవరో దగ్గుమందుకి బదులు జుట్టుకి రాసే నూనె తాగిన సంగతి చెప్పి, నవ్వి, నవ్వినందుకు మళ్ళీ ముఖం గంభీరంగా పెట్టుకుంది. నువ్వు అడిగిన "చూసుకుంటాను" సంగతి నేను అడగలేదు.

నిన్న పొద్దున ఆవిడ రాకముందే చెట్టంతా భూతద్దంతో వెతికాను. ఆకు వెనక, ఈనె పొడుగునా, సందుల్లో, ఊడల వెనకాల, మట్టి అంచున. ఒక్క పురుగు లేదు. సంతోషించాలి కదా అక్కా. సంతోషం రాలేదు. దూది సిద్ధంగా పెట్టి కూర్చున్నాను, పురుగు లేదని ఎలా చెప్పాలా అని.

వచ్చింది. అబద్ధం చెప్పడం ఇష్టంలేక, "అంతా పోయినట్టుంది" అనేశాను. "ఏదీ, చూడనీ" అని స్టూలు మీద కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకుంది. నేను నిలబడే ఉన్నాను. పైనుంచి కిందకి మెల్లగా చూసుకుంటూ వచ్చింది. సంచీ ఒళ్ళోనే ఉంది. ఆకులు అయిపోయాయి, కొమ్మలు అయిపోయాయి.

మొదలు దగ్గర ఆగి, "ఇదిగో, ఇక్కడొకటుంది" అంది.

వంగి చూశాను. ఆ బుడిపె నాకు జూన్ నుంచీ తెలుసు. బావ అడుగు కొమ్మ కోసినచోట బెరడు కట్టిన కాయ.

"అవును, ఉంది" అన్నాను.

"అయితే వచ్చే ఆదివారం కూడా రావాలి" అని సీసా మూత తీసింది.

గోటితో గీకి చూడమన్నావు కదా. నేను గీకలేదు. ఆవిడా గీకలేదు.

నీ తమ్ముడు